సప్లై లేని తీగ మెరిసింది

మా పాత సెక్షన్లో ఇప్పటికీ ఒక వింత అలవాటు ఉంది. ఏదైనా స్తంభం మీద మెరుపు కనిపిస్తే, చూసినవాళ్ళు వెంటనే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేయరు. ముందు కళ్ళు గట్టిగా మూసుకుని కాసేపు నిలబడతారు. తర్వాత కళ్ళు తెరిచి మళ్ళీ చూసి, అప్పుడు ఫోన్ తీస్తారు. కొత్తగా వచ్చిన ఆపరేటరు ఒకాయన ఇది చూసి, “ఏంది సారు, మీ సెక్షన్ల స్తంభాలకు మొక్కుతరా?” అని అడిగాడట. అడగడా మరి! పనిముట్ల సంచి భుజాన వేసుకుని, పత్తి చేలో నిలబడి కళ్ళు మూసుకున్న కరెంటు మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

ఆ అలవాటు పెట్టింది నేను. గొప్పకు చెప్పడం లేదు. ఐదు రోజుల పాటు నేను చేసిన బుద్ధితక్కువ పనికి మిగిలిన గుర్తు అది.

హెల్పరుగా మహబూబాబాద్‌లో చేరాను. లైన్‌మన్‌గా భూపాలపల్లి వైపు అడవి లైన్లు తిరిగాను. చివరికి జనగామ నుంచి రఘునాథపల్లి పోయే దారిలో ఒక చిన్న సెక్షన్లో లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగిపోయాను. ఇప్పుడు కొత్తగా నడుముకు బెల్టు కట్టుకుని స్తంభం ఎక్కుతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పెద్దవాళ్ళు షాకు కొట్టిన కథలు చెబుతూనే ఉంటారు. నా అరచేతి మీదా ఒక మచ్చ ఉంది. కానీ నాకు తగిలిన పెద్ద షాకు కరెంటుది కాదు. అది ఇప్పటికీ దిగలేదు.

మా సెక్షన్లో ఒక సీనియర్ లైన్‌మన్ ఉండేవాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. చిన్నప్పటి నుంచి దూరపు చూపు తక్కువ, సీసా అడుగంత మందం అద్దాలు. అయినా అందరూ అతన్ని ‘దుర్బీను’ అని పిలిచేవాళ్ళు. మునిమాపు వేళ లైను కింద నడుచుకుంటూ పోతే చాలు, ఎక్కడ పింగాణీ ఇన్సులేటరు చిట్లిందో, ఎక్కడ తీగ ముడి వదులైందో చెప్పేసేవాడు. అలాంటి చోట సన్నగా నీలిమెరుపు లేస్తుంది. మేం అరగంట మెడలు పట్టేసేలా చూసినా కనిపించని ఆ మెరుపును అతను బండి మీద పోతూ పోతూ పట్టేసేవాడు. కుడి కంటికి కొంచెం శుక్లం మొదలైందని తెలుసు. “ఎడమది ఉన్నది కద అన్నా, గదొక్కటి శాన” అనేవాడు.

భూపాలపల్లిలో అతను నా ప్రాణం కాపాడాడు. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఒకరోజు లైను ఆపించి నేను స్తంభం ఎక్కాను. తీగ మీద చెయ్యి వేయబోతుంటే కింద నుంచి అతను గొంతు చించుకున్నాడు. “అన్నా, ఆగు! మెరిసింది!” అన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎక్కడో ఒక మిల్లువాళ్ళు జనరేటరు వేసుకుంటే, ఆ కరెంటు వెనక్కి తిరిగి మా తీగలోకి వచ్చింది. దీన్ని మేం బ్యాక్ సప్లై అంటాం. తీగలను నేలతో కలిపే ఎర్త్ రాడ్లు తగిలించకుండా ఎక్కడం నా తప్పు. అతను ఆ ఒక్క మాట అరవకపోతే నా ఫోటోకు ఆనాడే దండ పడేది. ‘మెరిసింది’ అన్న మాట అతని నోటి నుంచి వస్తే నాకు అంతే, ఇక ఎదురు ప్రశ్న లేదు.

ఇక ఆ వారం సంగతి. పత్తి ఏరే రోజులు. సోమవారం పొద్దుగూకే వేళ దుర్బీను ఫోన్ చేశాడు.

“అన్నా, తండ కాడ స్తంభం మీద ఎడమ పక్క కొట్టుకుంటున్నది. పొద్దుగాల ఇన్సులేటర్ మార్సాలె.”

మంగళవారం పొద్దున్నే ఎడమ వైపు ఇన్సులేటరు మార్చాం. ఎక్కింది మా జూనియర్ లైన్‌ఉమన్. మహబూబాబాద్ వైపు తండాలో పుట్టింది, ఇద్దరు పిల్లల తల్లి, స్తంభం ఎక్కిందంటే మెట్లెక్కినంత సులువుగా ఎక్కుతుంది. దుర్బీనును ‘బాపు’ అని పిలిచేది. కింద నిలబడి అతను అద్దాలు తీసి అంగీ అంచుతో తుడుస్తున్నాడు. పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ తుడిచాడు.

“ఏంది తమ్మి, అద్దాలు అరగదీస్తున్నవ్?” అన్నాను.

“ఏమో అన్నా, నల్లగ ఏందో అంటింది, పోతలేదు. దోమలు ఎగిరినట్టే ఉన్నది.”

“పదేండ్ల సంది గవ్వే అద్దాలు. పిసినారితనం జర పక్కకు పెట్టి కొత్తయి కొనుక్కో.”

అందరం నవ్వుకున్నాం, అతనూ నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

మంగళవారం సాయంత్రం మళ్ళీ ఫోను. మళ్ళీ మెరిసిందట. ఈసారి అతను చేనుకు అవతలి వైపు నుంచి చూశాడు. “ఎడమ పక్కనే అన్నా” అన్నాడు. అవతల నుంచి ఎడమ అంటే మేం మార్చింది కాదు, దాని ఎదుటి తీగ. నిన్న ఇటు, ఇవాళ అటు. మనిషి ఎటు నిలబడితే అటు ఎడమ చేతి వైపుకే మెరుపు వచ్చి కూర్చుంటోంది. ఇంత తేలికైన లెక్క నా బుర్రకు ఎక్కలేదు. రెండోదీ చెడిపోయిందనుకున్నాను, అంతే.

బుధవారం పగలంతా రైతుల మోటార్లు నడుస్తున్నాయని, సాయంత్రం ఎల్‌సీ తీసుకున్నాం. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్ ఆపరేటరు సప్లై ఆపి, ఇక లైను మీద పని చేసుకోవచ్చని ఇచ్చే మాట. మాకు ఆ మాటే ప్రాణం. ఆపరేటరు ఇచ్చాడు, ఎర్త్ రాడ్లు తగిలించాం, మా జూనియర్ అమ్మాయి ఎక్కింది. బెల్టు బిగించుకుని తీగ వైపు చెయ్యి చాచింది. కింద నుంచి దుర్బీను అరిచాడు.

“దిగు బిడ్డా, దిగు! లైన్ల కరెంటున్నది! మెరిసింది! నా కండ్లతోని సూసిన!”

నాకు భూపాలపల్లి కళ్ళ ముందు నిలబడింది. నేనూ అరిచాను. అమ్మాయి బెదిరిపోయి బెల్టు విప్పి, స్తంభాన్ని వాటేసుకుని జారుతూ దిగింది. రెండు అరచేతులూ దోక్కుపోయాయి. కిందపడ్డట్టే కూలబడి అరచేతులు ఊదుకుంటోంది. నేను ఫోన్ తీసి ఆపరేటరును అనరాని మాటలన్నాను.

“సారు, మా పిల్లల మీద ఒట్టు, నేను బంద్ జేసే ఉంచిన! నువ్వొచ్చి సూసుకో!” అని అతను ఏడుపు గొంతుతో అన్నాడు.

ఎర్త్ రాడ్లు తగిలించి ఉన్నాయి. తీగలోకి నిజంగా కరెంటు వచ్చి ఉంటే అక్కడే పెద్ద చప్పుడు కావాలి. ముప్పై ఏళ్ళు దాటిన అనుభవానికి ఈ మాత్రం తట్టొద్దా? తట్టలేదు. మెరిసిందన్నది దుర్బీను. నాకు అది చాలు.

గురువారం పొద్దుట్నుంచి బ్యాక్ సప్లై ఎవడిదో పట్టుకుందామని ఊళ్ళ మీద పడ్డాను. పెళ్ళిళ్ళ హాలు జనరేటరు చూశాను, ఇళ్ళల్లో ఇన్వర్టర్లు చూశాను. ఒక కోళ్ళ ఫారం ఆయనను దొంగను నిలదీసినట్టు నిలదీశాను. “మనిషి పాణం తీస్తవా? జైలుకు పోతవ్!” అన్నాను. ఆయన కోపం కూడా తెచ్చుకోలేదు. నన్ను షెడ్డు వెనక్కి తీసుకుపోయి జనరేటరు చూపించాడు.

“సారు, దీంట్ల ఎలుకలు పిల్లలు పెట్టినయ్. మీరే సూడుండ్రి.”

నిజంగానే పెట్టాయి. సిగ్గుతో బయటికి వచ్చాను. వస్తున్నప్పుడు నా వెనక నడుస్తున్న దుర్బీను ఒక చిన్న గట్టు తగిలి బోర్లా పడ్డాడు. లేచాడు, నాలుగడుగులు వేశాడు, కాలువ తూము దగ్గర మళ్ళీ తూలాడు. పట్టపగలు, చదునైన దారి. దగ్గరికి పోయి నోటి వాసన చూశాను. బీడీ వాసన తప్ప ఏమీ లేదు. అయినా నా మనసు విరిగిపోయింది. లేని మెరుపులు కనబడుతున్నాయి, కాళ్ళు తడబడుతున్నాయి. ఇంకేముంటుంది? రహస్యంగా తాగుతున్నాడనుకున్నాను. ఇతని మాట నమ్మి ఒక ఆడమనిషిని స్తంభం మీద నుంచి కింద పడేసేవాళ్ళం కదా అని ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం ఆఫీసులో కూర్చుని మా పై అధికారి ఏఈ సారుకు రిపోర్టు రాశాను. ‘డ్యూటీలో మద్యం సేవించి తప్పుడు సమాచారం ఇస్తున్నాడని అనుమానం’ అని. నా ప్రాణం కాపాడినవాడి మీద, నా చేత్తో రాశాను. సంతకం పెట్టి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఒకసారి ఎదురుగా తేల్చుకుని ఇద్దామనుకున్నాను. ఆ ఒక్క ఆలోచనకు మాత్రం ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

శుక్రవారం మునిమాపు వేళ అందరం మళ్ళీ ఆ స్తంభం దగ్గరికే పోయాం. సప్లై ఆపించాను. ఫోన్ స్పీకర్లో పెట్టి, ఆపరేటరుతో అందరికీ వినపడేలా చెప్పించాను. రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేయించాను. ఎవరినీ ఎక్కనివ్వలేదు.

“ఇగ సూడు. మెరుస్తున్నదా?” అన్నాను.

అతను తలెత్తాడు.

“మెరిసింది అన్నా.”

“ఎక్కడ?”

“ఎడమ పక్క.”

నాకు మొహం మీద కొట్టినట్టైంది. “సచ్చిపోయిన లైన్ల ఎట్ల మెరుస్తదిరా? సిగ్గుండాలె! దుర్బీను అని మోసినమే నిన్ను!” అని చుట్టూ పత్తి ఏరి వస్తున్న ఆడవాళ్ళున్నారని కూడా చూడకుండా అరిచాను. ఇన్నేళ్ళలో అతన్ని ‘రా’ అనడం అదే మొదలు. అతను తల దించుకున్నాడు.

ఆ స్తంభానికి ఎదురుగా ఒక ఇల్లు ఉంది. ఆ ఇంటి ముందు మంచంలో ఒక లంబాడా అవ్వ కూర్చుని ఉండేది. ఐదు రోజులుగా మా తమాషా అంతా ఆమె చూస్తూనే ఉంది. ఒక కన్ను తెల్లగా మారిపోయి ఉంటుంది. ఆమె మంచం దిగి మెల్లగా వచ్చి, మా జూనియర్ అమ్మాయితో తమ భాషలో ఏదో అడిగింది. అమ్మాయి మొహం మారిపోయింది.

“ఏమంటున్నది?” అన్నాను విసుగ్గా.

“సారు, అవ్వ ఏమడుగుతున్నదంటే… కండ్లు మూసుకుంటే ఆ మెరుపు ఆగుతదా అని.”

అవ్వ దుర్బీను దగ్గరికి పోయింది. ఈసారి తెలుగులోనే అన్నది.

“మూసుకో బిడ్డా. అద్దాలు తీసి మూసుకో.”

అతను అద్దాలు తీశాడు. కళ్ళు మూసుకున్నాడు. పొద్దు పూర్తిగా దిగిపోతోంది. అమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టుకుని నిలబడింది, ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియదు. చాలాసేపటికి మూసిన కళ్ళతోనే అన్నాడు.

“మెరుస్తున్నది.”

నేను బిత్తరపోయాను. తీగలో కాదు, జనరేటరులో కాదు, సీసాలో కాదు. మెరుపు అతని కంట్లో ఉంది! మేం ఇన్సులేటర్లు మార్చాం, ఆపరేటరును తిట్టాం, కోళ్ళ ఫారంలో ఎలుకలను చూసొచ్చాం. ఆ మనిషి కంట్లోకి మాత్రం ఒక్కరం కూడా చూడలేదు.

“నాకు గిట్లనే అయింది,” అన్నది అవ్వ. “రాత్రిపూట ఒక పక్క మెరిసేది. వానొస్తదని వాకిట్ల ఆరబెట్టిన మిరపకాయలన్ని ఇంట్ల పోసుకున్న. మూడు దినాలు గట్లనే పోసుకున్న. వాన రాలే. కన్ను పోయింది.”

ఆమె మిరపకాయలు ఎత్తుకుంది, నేను ఇన్సులేటర్లు మార్చాను. ఇద్దరం మెరుపును బయటే వెతికాం.

అతన్ని బండి మీద ఎక్కించుకుని జనగామకు పోయాను. కళ్ళ డాక్టరు ఒకాయన సాయంత్రాలు చూస్తారు. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి, తలకు లైటు పెట్టుకుని చూశారు. చూస్తూ చూస్తూ అడగడం మొదలుపెట్టారు.

“నల్ల చుక్కలు ఎప్పటి నుంచి?”

“సోమవారం సంది సారు. ఒక్కపారే కుప్పలు కుప్పలుగ వచ్చినయ్.”

“నీడలాంటిది ఏమైనా?”

“నిన్నటి సంది… కింది నుంచి నల్లగ పర్ద లేస్తున్నది.”

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పర్దానా? నిన్న గట్టు తగిలి పడింది అందుకా! కాళ్ళ ముందున్న నేల కనిపించక పడ్డాడు. నేను పోయి నోరు వాసన చూశాను.

డాక్టరు నన్ను చూసి చెప్పారు. కంటి వెనక గోడకు అంటుకుని రెటీనా అనే పల్చని పొర ఉంటుందట. అది చిరిగి, ఆ చిరుగులోంచి నీరు దూరి, గోడ నుంచి ఊడుతోందట. తడిసిన గోడ మీద కాగితం జారినట్టు. చూపు బాగా తక్కువై మందం అద్దాలు పెట్టుకునేవాళ్ళకు ఈ భయం ఎక్కువట. “నల్ల చుక్కలు చాలామందికి ఉంటాయి, అన్నీ ప్రమాదం కాదు. కానీ హఠాత్తుగా గుంపుగా వచ్చినా, మెరుపులు కనిపించినా, నీడ కమ్మినా ఆ రోజే వచ్చి ఇలా మందు వేయించుకుని చూపించుకోవాలి. నొప్పి ఉండదు కదా, అందుకే ఎవరూ రారు” అన్నారు.

“సోమవారమే వచ్చి ఉంటే?” అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“చిరుగు చుట్టూ లేజరు వేసి ఇంటికి పంపేవాళ్ళు.”

అక్కడి నుంచి నేరుగా హైదరాబాద్ పంపారు. మరునాడు ఆపరేషన్ అయింది. కంట్లోకి గాలిలాంటిదేదో నింపారు. అది పైకి తేలి పొరను గోడకు నొక్కి పెట్టాలట. అందుకని రోజుల తరబడి బోర్లా పడుకోవాలి, కూర్చున్నా తల వంచుకునే కూర్చోవాలి. జీవితమంతా మెడ ఎత్తి తీగలు చూసిన మనిషి నేల చూపులు చూస్తూ ఉండాలన్నమాట.

నేను రెండోసారి చూడబోయినప్పుడు మంచం అంచు మీద నుదురు ఆనించి పడుకుని ఉన్నాడు. మాట్లాడాలంటే నేనే కిందికి దిగాలి. నేల మీద చాప వేసుకుని, అతని మొహం కింద వెల్లకిలా పడుకున్నంత పని చేసి మాట్లాడాను. నర్సు చూసి నవ్వుకుంటూ పోయింది. డాక్టర్లు అప్పటికే చెప్పేశారు. పొర అతుక్కుంటుంది, కానీ నడిమి భాగం కూడా ఊడింది కాబట్టి ఆ కంటి చూపు ముందులా రాదు. వేళ్ళు లెక్కపెట్టేంత వస్తే అదే ఎక్కువ. వెలుతురు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది. సన్నని నీలిమెరుపు ఇక తెలియదు.

నా చొక్కా జేబులో ఆ కాగితం అలాగే ఉంది. ఆ రోజు చెప్పేద్దామనే పోయాను. తమ్మి, నిన్ను తాగుబోతన్నాను, రాతపూర్వకంగా అన్నాను, క్షమించు అని అడుగుదామని. గొంతు సవరించుకుంటుంటే అతనే అందుకున్నాడు.

“అన్నా, నీకొక మాట జెప్పాలె. తిట్టొద్దు.”

“చెప్పు.”

“అవ్వ కండ్లు మూసుకోమన్నది సూడు… నాకు గది ముందుగాల్నే ఎర్కనే. మంగళారం రాత్రి పండుకుంటే కూడ మెరిసింది.”

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక అడిగాను.

“ఎరుకైతే ఎందుకు చెప్పలేదురా?”

“చెప్తే స్తంభాల దిక్కు పోనిస్తవా? ఇంక నాలుగేండ్లే ఉన్నదాయె నౌకరి. దుర్బీనుకు కండ్లు పోయినయ్ అంటరని సిగ్గనిపిచ్చింది. తగ్గుతదిలే అనుకున్న.”

“మరి బుధారం నాడు? కంట్లదే అని ఎరుకైనంక, పిల్ల మీదున్నప్పుడు గట్లెందుకు ఒర్లినవ్? తర్వాత అందరం నిన్నే తప్పు పట్టినం కద.”

మంచం అంచు మీంచి ఒక చుక్క నా చొక్కా మీద పడింది. మందో, కన్నీరో నాకు తెలియలేదు.

“గా మెరుపు కంట్లదో తీగలదో గప్పుడు ఎట్ల తెలుస్తది అన్నా? కంట్లదని ఊకుంటే, అది తీగలదే అయితే, పిల్ల పోతది. తీగలదని ఒర్లితే, నన్ను నవ్వుతరు. గంతేగా. గందుకే దిగుమన్న.”

నేను ఆ కాగితం బయటికి తీయలేదు. చెయ్యి రాలేదు. ఇంటికొచ్చి పొయ్యిలో వేశాను, ఎవరికీ చెప్పలేదు. అతనూ నేనూ రిటైరయ్యాం. కుడి కంటికి శుక్లం తీయించుకున్నాక, ఆ ఒక్క కంటితో అతను రోజూ పేపరు చదువుకుంటున్నాడు. కనబడిన ప్రతి అక్షరమూ చదువుతాడు. నేను రాసిన ఇదీ చదువుతాడు. ఆ కాగితం సంగతి అతనికి అప్పుడే తెలుస్తుంది.